బెజవాడ జంక్షను: పైన మూడు కొమ్మలు, కింద రెండు వేళ్ళు

మన బడి పిల్లలకు ముషైరిబ్ స్టేషను కొట్టిన పిండి. ఎర్ర లైను ఎక్కితే ఒక పక్క లుసైల్, ఇంకో పక్క అల్ వక్రా, మధ్యలో ఒక పాయ విడిపోయి విమానాశ్రయానికి వెళుతుంది. ఆకుపచ్చ లైను అల్ రిఫా నుంచి అల్ మన్సూరాకు, బంగారు లైను అల్ అజీజియా నుంచి రాస్ బూ అబూద్‌కు. మూడూ కలిసేది ముషైరిబ్‌లోనే. 2019 మే 8న ఎర్ర లైను, నవంబరు 21న బంగారు లైను, డిసెంబరు 10న ఆకుపచ్చ లైను మొదలయ్యాయి. మన చిన్న తరగతుల పిల్లలు మెట్రో లేని దోహాను చూడనే లేదన్నమాట. ఎక్కడ దిగాలో, ఏ మెట్లు ఎక్కి ఏ రంగు వైపు నడవాలో వాళ్ళే మనకు దారి చూపిస్తారు.

అదే పిల్లలను "విజయవాడ నుంచి రైళ్ళు ఎటెటు వెళ్తాయి?" అని అడిగి చూడండి. మేము అడిగాము. "హైదరాబాదు" అని కొందరు, "తిరుపతి" అని ఒకరిద్దరు, "మేము ఎయిర్‌పోర్టు నుంచి కారులో వెళ్ళిపోతాము" అని ఎక్కువమంది. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. సెలవులు నాలుగు వారాలు, చూడవలసిన చుట్టాలు నలభై మంది. శంషాబాదులో దిగగానే కారు ఎక్కించి, నిద్ర లేచేసరికి అమ్మమ్మగారి గుమ్మం ముందు దించేస్తున్నాము. నడుమ ఉన్న నాలుగైదు జిల్లాలు వాళ్ళకు కిటికీ అద్దం మీద పడే ఎండ మాత్రమే.

పెద్దలమైన మన సంగతి కూడా అంత గొప్పగా లేదు. ఊరి నుంచి వేళ కాని వేళ ఫోను వచ్చిందనుకోండి. తెల్లవారుజామున హైదరాబాదులో దిగాము, సాయంత్రానికి చీరాల చేరాలి, అనుకున్న రైలు రద్దయింది. అప్పుడు గుర్తుకు రావలసింది రైలు పేరు కాదు, దారి. దారి తెలిస్తే రైలును వెతుక్కోవచ్చు. మన చిన్నప్పుడు మనకు తెలిసిన రైళ్ళలో కొన్ని ఇప్పుడు వేరే చోటు దాకా వెళుతున్నాయి, కొన్ని వేరే స్టేషను నుంచి బయలుదేరుతున్నాయి. 2025 జనవరి 6న చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైన తరువాత సికింద్రాబాదు నుంచి కొన్ని రైళ్ళు అక్కడికి మారాయి. పేర్లూ వేళలూ మారుతూనే ఉంటాయి. పట్టాలు మాత్రం అంత తేలికగా మారవు. అందుకే ఈ వ్యాసంలో వేళలు ఇవ్వడం లేదు, దారులు చెబుతున్నాము.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. ముషైరిబ్‌లో మూడు లైన్లు కలుస్తాయి అంటున్నాము కానీ, నిజానికి ప్రయాణికులే కలుస్తారు, రైళ్ళు కలవవు. ఎర్ర రైలు ఎర్ర పట్టాల మీదే పోతుంది, ఆకుపచ్చ రైలు ఆకుపచ్చ పట్టాల మీదే. దిగి, నడిచి, మారేది మనం. రైల్వే జంక్షను అలా కాదు. అక్కడ పట్టాలే ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ఒక దారిలో వచ్చిన రైలు ఇంకో దారి పట్టి పోతుంది, మనం సీట్లోంచి లేవనక్కరలేదు. గుంటూరులో ఎక్కినవాడు విశాఖపట్నంలో దిగుతాడు, మధ్యలో విజయవాడలో చేసే పని టీ తాగడం ఒక్కటే.

ఊరికీ ఊరికీ మధ్య తిరిగే రైలు ఇప్పటికి ఖతర్‌లో లేదు. 2025 డిసెంబరులో సౌదీ, ఖతర్ దేశాలు రియాద్ నుంచి దోహాకు వేగవంతమైన విద్యుత్ రైలు వేయడానికి ఒప్పందం చేసుకున్నాయి. 785 కిలోమీటర్ల దారి, హఫూఫ్, దమ్మామ్ మీదుగా, సుమారు రెండు గంటల ప్రయాణం. పూర్తి కావడానికి ఆరేళ్ళు అన్నారు. అది వచ్చిన నాడు మన పిల్లలకు 'వేరే ఊరి రైలు' అంటే ఏమిటో ఇక్కడే తెలుస్తుంది. అప్పటిదాకా బెజవాడే మనకు పాఠం.

ఒక కాగితం తీసుకోండి. మధ్యలో ఒక చెట్టు మొదలు గీయండి. అదే విజయవాడ స్టేషను, 10 ప్లాట్‌ఫారాలు. మొదలు పైభాగం ఉత్తరం, కింది భాగం దక్షిణం. పైన మూడు కొమ్మలు గీయండి. ఎడమ కొమ్మ కాజీపేట వైపు, నడిమి కొమ్మ విశాఖపట్నం వైపు, కుడి కొమ్మ గుడివాడ వైపు. కింద కృష్ణా నది అడ్డంగా పారుతుంది. నది మీద వంతెన దాటగానే కృష్ణా కెనాల్ అనే చిన్న జంక్షను. అక్కడ వేరు రెండుగా చీలుతుంది: ఒకటి గుంటూరుకు, రెండవది తెనాలి మీదుగా గూడూరుకు. పైన మూడు, కింద రెండు. కోస్తా రైళ్ళలో నూటికి తొంభై ఈ బొమ్మలో ఇముడుతాయని ధైర్యంగా చెప్పవచ్చు.

ఎడమ కొమ్మ తెలంగాణ దారి. రాయనపాడు, కొండపల్లి, మధిర, ఖమ్మం, డోర్నకల్, మహబూబాబాదు, వరంగల్, కాజీపేట. కాజీపేటలో మళ్ళీ రెండు పాయలు. ఒకటి సికింద్రాబాదుకు, ఇంకొకటి బల్హార్షా మీదుగా నాగపూరుకు, ఢిల్లీకి. మన హైదరాబాదు రైళ్ళూ, మద్రాసు నుంచి ఢిల్లీ వెళ్ళే తమిళనాడు ఎక్స్‌ప్రెస్, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, తిరువనంతపురం నుంచి వచ్చే కేరళ ఎక్స్‌ప్రెస్ అన్నీ ఈ కొమ్మ మీదివే. విజయవాడ నుంచి సికింద్రాబాదు ఈ దారిన సుమారు 350 కిలోమీటర్లు. శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఈ రెంటి మధ్యే తిరుగుతుంది. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ గుంటూరులో బయలుదేరి విజయవాడ మీదుగా ఇదే దారి పడుతుంది. కృష్ణా ఎక్స్‌ప్రెస్ తిరుపతి నుంచి వచ్చి, సికింద్రాబాదు దాటి, ఏకంగా ఆదిలాబాదు దాకా పోతుంది. ఇంత తెలుగు నేలను ఒక్క రైలులో చూడాలంటే దాన్ని మించింది లేదు. ఓపిక మాత్రం దండిగా ఉండాలి.

నడిమి కొమ్మ కలకత్తా దారి. ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, కొవ్వూరు, గోదావరి వంతెన, రాజమండ్రి, సామర్లకోట, అన్నవరం, తుని, అనకాపల్లి, దువ్వాడ, విశాఖపట్నం. ఇదీ సుమారు 350 కిలోమీటర్లే. అంటే విజయవాడ, సికింద్రాబాదుకూ విశాఖకూ సరిగ్గా నడిమధ్యన కూర్చుంది. కాకినాడ వెళ్ళవలసినవారికి సామర్లకోటలో పక్కదారి. విజయవాడ, విశాఖల మధ్య రత్నాచల్ ఎక్స్‌ప్రెస్, గుంటూరు, విశాఖల మధ్య సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఈ కొమ్మకు పగటి రైళ్ళు. హౌరా, మద్రాసుల మధ్య పేరుపడ్డ కోరమాండల్ ఈ దారిదే. 2015 ఆగస్టులో మొదలైన విశాఖ, ఢిల్లీ ఏపీ ఎక్స్‌ప్రెస్ ఈ కొమ్మ దిగి విజయవాడ వచ్చి, ఎడమ కొమ్మ ఎక్కి ఢిల్లీ పోతుంది. పాత ఏపీ ఎక్స్‌ప్రెస్ అంటే హైదరాబాదు, ఢిల్లీ రైలు గుర్తున్నవారికి ఇది తికమకగా ఉంటుంది. ఆ పాత రైలే 2014 తరువాత తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. అది విజయవాడ రానే రాదు.

కుడి కొమ్మ డెల్టా దారి. గుడివాడ దాకా వెళ్ళి అక్కడ చీలుతుంది. ఒక పాయ మచిలీపట్నానికి, ఇంకొకటి భీమవరానికి. భీమవరం నుంచి నరసాపురం ఒక పక్క, నిడదవోలు ఒక పక్క. నిడదవోలులో ఈ దారి మళ్ళీ నడిమి కొమ్మను కలుస్తుంది. ఈ కొమ్మ మీద పెద్ద పేరున్న రైళ్ళు తక్కువ. కాని వరిచేలు, కాలువలు, చేపల చెరువులు చూడాలంటే ఇదే ఎక్కాలి. మన బడిలో గోదావరి జిల్లాలవారు ఎక్కువ కనుక, ఈ మాట రాయకపోతే మమ్మల్ని బతకనివ్వరు.

కింది వేళ్ళలో తెనాలి వైపుది మద్రాసు దారి. తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు, కావలి, నెల్లూరు, గూడూరు. గూడూరులో చీలిక: ఒకటి సూళ్ళూరుపేట మీదుగా చెన్నైకి, ఒకటి రేణిగుంట మీదుగా తిరుపతికి. విజయవాడ నుంచి చెన్నై 431 కిలోమీటర్లు. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఈ రెంటి మధ్య పగటి రైలు. 2023 సెప్టెంబరు 24న మొదలైన చెన్నై, విజయవాడ వందే భారత్ రేణిగుంట చుట్టి వస్తుంది. తిరుపతి వెళ్ళేవారికి అదొక సౌకర్యం.

గుంటూరు వేరు మంగళగిరి మీదుగా పోతుంది, గుంటూరు కేవలం 32 కిలోమీటర్లు. అక్కడి నుంచి నరసరావుపేట, మార్కాపురం, నంద్యాల, గుంతకల్లు మీదుగా రాయలసీమకు, కర్ణాటకకు ఒక దారి. భువనేశ్వర్, బెంగళూరు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్, హుబ్బళ్ళి వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఆ దారివి. రెండవ దారి నడికుడి, మిర్యాలగూడ, నల్లగొండల మీదుగా సికింద్రాబాదుకు. ఈ రెండవది బాగా గుర్తుంచుకోండి. హైదరాబాదు నుంచి కోస్తాకు రెండు రైలు దారులున్నాయి: వరంగల్ మీదుగా ఒకటి, నల్లగొండ మీదుగా ఒకటి. తిరుపతి వెళ్ళే నారాయణాద్రి నల్లగొండ, గుంటూరు, తెనాలి మీదుగా పోతుంది, విజయవాడ తగలదు. పద్మావతి ఎక్స్‌ప్రెస్ వరంగల్, విజయవాడల మీదుగా పోతుంది. రెండూ సికింద్రాబాదు వైపు నుంచి తిరుపతికే.

ఇక పిల్లలు ఎక్కువ ఇష్టపడే సంగతి. హైదరాబాదు నుంచి విశాఖ వెళ్ళే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చున్నారనుకోండి. విజయవాడలో చాలాసేపు ఆగుతుంది. బయలుదేరేసరికి రైలు వచ్చిన దారినే వెనక్కి పోతున్నట్టు అనిపిస్తుంది. కొత్తవాళ్ళు కంగారుపడతారు, "ఇదేమిటండీ, మళ్ళీ హైదరాబాదు తీసుకుపోతున్నాడా?" అని. పాతవాళ్ళు నవ్వుకుంటారు. ఎందుకలా?

మన బొమ్మ చూడండి. కాజీపేట కొమ్మ, విశాఖ కొమ్మ రెండూ చెట్టు పైభాగం నుంచే స్టేషనులోకి దిగుతున్నాయి. ఎడమ కొమ్మ మీద దిగివచ్చిన రైలు నడిమి కొమ్మ ఎక్కాలంటే మళ్ళీ పైకే వెళ్ళాలి. ముందున్న ఇంజనును విప్పి, రెండవ కొసన ఇంజను తగిలించి, వచ్చిన వైపే బయలుదేరతారు. కొంత దూరం పోయాక పట్టాలు కుడికి మళ్ళి గుణదల వైపు వెళ్ళిపోతాయి. మొదటి పెట్టె ఆఖరి పెట్టె అవుతుంది, ముందుకు ముఖం పెట్టి కూర్చున్నవారు వెనక్కి ముఖం పెట్టినవారవుతారు. ఏలూరులో ఎక్కే బంధువు "మీ పెట్టె ఇంజను నుంచి ఎన్నోది?" అని అడిగితే, విజయవాడకు ముందున్న లెక్క చెప్పకూడదు.

కొమ్మ నుంచి వేరుకు వెళ్ళే రైలుకు ఈ బాధ లేదు. గోల్కొండ గుంటూరు నుంచి కింద ఎక్కి పైకి పోతుంది, సూటిగా. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ అంతే, సింహాద్రి అంతే. సూత్రం తేలికే: కొమ్మ నుంచి వేరుకైతే సూటి, కొమ్మ నుంచి కొమ్మకైతే ఎదురు. మరి వేరు నుంచి వేరుకు? గుంటూరు నుంచి నెల్లూరు వెళ్ళడానికి విజయవాడ రానక్కరలేదు. గుంటూరు, తెనాలిల మధ్య నేరుగా పట్టాలున్నాయి. ఈ సూత్రం చెప్పి, "సికింద్రాబాదు నుంచి గుడివాడ మీదుగా నరసాపురం వెళ్ళే రైలు విజయవాడలో ఇంజను మార్చుకోకుండా ఉండాలంటే ఏ దారిన రావాలి?" అని పెద్ద తరగతి పిల్లలను అడగండి. నల్లగొండ, గుంటూరుల మీదుగా కింది నుంచి వస్తే సరి. జవాబు తామే కనిపెట్టిన పిల్లవాడికి ఆ పటం ఇక మరపుకు రాదు.

అన్నట్టు, విశాఖపట్నం స్టేషనులోనూ ఇదే తంతు. విజయవాడ నుంచి హౌరా పోయే రైలు విశాఖలో ఆగి, వచ్చిన వైపే తిరిగి బయలుదేరాలి. అందుకే కొన్ని రైళ్ళు విశాఖలోకి వెళ్ళకుండా దువ్వాడలో ఆగి సాగిపోతాయి. విజయవాడకూ అలాంటి పక్కదారి ఉంది. రాయనపాడు, గుణదలల మధ్య ఒక లైను ఎడమ కొమ్మను నడిమి కొమ్మతో నేరుగా కలుపుతుంది. గూడ్సు బళ్ళూ కొన్ని ఎక్స్‌ప్రెస్‌లూ దాని మీదుగా ఊరు తాకకుండా పోతాయి. కాబట్టి 'సికింద్రాబాదు నుంచి విశాఖ' అని రాసివున్న ప్రతి రైలూ విజయవాడలో ఆగుతుందనుకోవద్దు. టికెట్టు కొనేముందు ఆగే స్టేషన్ల జాబితా ఒకసారి చూసుకోవాలి.

2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాదు, విశాఖ వందే భారత్ కూడా విజయవాడలో దిశ మారుస్తుంది. కాని దానికి ఇంజను విప్పే పని లేదు. మన దోహా మెట్రో బండిలాగా దానికి రెండు కొసలా నడిపే ఏర్పాటు ఉంటుంది. అక్కడ డ్రైవరు ఈ చివర దిగి ఆ చివరికి నడుస్తాడు. ఇక్కడ నడిచే డ్రైవరు కూడా లేడు, మెట్రో తనంతట తానే తిరిగిపోతుంది.

ఇన్ని దారులు ఒక్క చోట ఎందుకు కలిశాయి? ఒక్కరు కూర్చుని గీసిన పటం కాదిది. వేరువేరు కంపెనీలు వేరువేరు అవసరాలకు పట్టాలు వేసుకుంటూ వచ్చి బెజవాడలో ఒకరినొకరు ఎదుర్కొన్నారు. 1888 ప్రాంతంలో గుంతకల్లు, గుంటూరుల వైపు నుంచి దక్షిణ మరాఠా రైల్వేవారు మీటరు గేజీ మీద వచ్చారు. 1889లో సికింద్రాబాదు వైపు నుంచి నిజాం రైల్వేవారు బ్రాడ్ గేజీ మీద వచ్చారు. సముద్రం వైపు దారి లేని నిజాం రాజ్యానికి బెజవాడ ఒక తలుపు. 1893, 1896ల మధ్య బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు తీర రైలు మార్గం తెరుచుకుంది. 1899లో మద్రాసు లైను కలిసింది. ఒక్క గోదావరి మాత్రం అడ్డంగా మిగిలింది. 1900 ఆగస్టు 30న హేవలాక్ వంతెన మీదుగా రైళ్ళు మొదలయ్యాక మద్రాసు నుంచి కలకత్తాకు పట్టా తెగకుండా సాగింది. ఆ వంతెన దాదాపు వందేళ్ళు పనిచేసి 1997లో విశ్రాంతి తీసుకుంది. ఇప్పుడు రైళ్ళు 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీదా, 1997 నాటి ఆర్చి వంతెన మీదా నడుస్తున్నాయి. రాజమండ్రి వెళ్ళినప్పుడు పాతదాని స్తంభాలు పిల్లలకు చూపించండి.

ఆఖరి ముక్క 1929లో పడింది. కాజీపేట, బల్హార్షా లైను పూర్తి కావడంతో మద్రాసు నుంచి బెజవాడ మీదుగా ఢిల్లీకి సూటి దారి ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఆ ఏడాదే మొదలైంది, మొదట్లో పెషావరు నుంచి మంగుళూరు దాకా పెట్టెలు నడిచేవి. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. 2019 ఫిబ్రవరిలో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేను ప్రకటించారు. ఊరి పేరు విజయవాడగా మారి దశాబ్దాలైనా స్టేషను సంకేతం మాత్రం బెజవాడ నాటి 'బి.జడ్.ఏ' గానే ఉండిపోయింది. సంకేతాలంటే గుర్తుకొచ్చింది, తెనాలిది 'టి.ఇ.ఎల్', ఏలూరుది ఒట్టి 'ఇ.ఇ', దువ్వాడది 'డి.వి.డి'. ఈ చివరిది చెబితే తరగతి గదిలో అయిదు నిమిషాలు పాఠం సాగదు.

రైళ్ళ పేర్లలో మన బడికి పనికివచ్చే పాఠం చాలా ఉంది. గోదావరి, గౌతమి, కృష్ణా, నాగావళి నదులు. పినాకిని అంటే పెన్నా నది. శాతవాహనులు రాజులు. కొండవీడు రెడ్డిరాజుల కోట, ఆ పేరు రైలు మచిలీపట్నం నుంచి బెంగళూరు వైపు పోతుంది. శేషాద్రి, సింహాద్రి, తిరుమల కొండలు. సర్కారు ఎక్స్‌ప్రెస్ పేరులోని సర్కారు, పాతకాలపు ఉత్తర సర్కారు జిల్లాలు. కోరమాండల్ అంటే చోళమండలం. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 ఫిబ్రవరి 1న వాల్తేరు, హైదరాబాదుల మధ్య మొదలైంది. 2024లో యాభై ఏళ్ళు నిండినప్పుడు ప్రయాణికులు కేకు కోసి పండుగ చేశారు. బండికి పుట్టినరోజు చేసే జనం మనమే అయివుంటాము!

నంబర్లలోనూ అర్థం ఉంది. 2010 డిసెంబరు నుంచి అయిదంకెల నంబర్లు వచ్చాయి. 12727 తీసుకోండి. మొదటి 1 దూరప్రయాణపు ఎక్స్‌ప్రెస్, రెండవ అంకె 2 సూపర్‌ఫాస్టు, మూడవ అంకె 7 దక్షిణ మధ్య రైల్వే. సగటున గంటకు 55 కిలోమీటర్లు నడిస్తే సూపర్‌ఫాస్టు కింద లెక్క. ఆ వేగం చూసి మన పిల్లలు నవ్వవచ్చు. మెమూకు మొదటి అంకె 6, డెమూకు 7, ప్రత్యేక రైలుకు 0. సెలవుల్లో మీకు సున్నాతో మొదలయ్యే నంబరు కనిపిస్తే అది ఏడాది పొడుగునా నడిచేది కాదని తెలుసుకోవాలి.

ఇంత పెద్ద కూడలి కావడం ఎంత బలమో, అంత బలహీనత కూడా. 2024 సెప్టెంబరు 1న ఆ సంగతి అందరికీ తెలిసివచ్చింది. ముందు రోజు రాత్రి నుంచి కురిసిన వానకు వరంగల్, మహబూబాబాదుల మధ్య ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల దగ్గర పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడాయి. ఇటు బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు మునిగాయి, రాయనపాడు స్టేషనులో నీళ్ళు నిలిచాయి, రైళ్ళలో ఉన్నవారిని బస్సులకు మార్చవలసివచ్చింది. తెగింది ఎడమ కొమ్మ ఒక్కటే. కాని ఢిల్లీ నుంచి చెన్నై, విశాఖ నుంచి హైదరాబాదు, కేరళ నుంచి నాగపూరు, అన్నీ ఆగిపోయాయి, వందలాది రైళ్ళు రద్దయ్యాయి. నడిపిన కొన్నింటిని గుంటూరు, నల్లగొండల మీదుగా మళ్ళించారు. రెండు దారులు గుర్తుంచుకోండి అని పైన చెప్పింది ఇందుకే. వరంగల్ దారి తెగిన రోజున, ఆ సంగతి తెలిసినవారు గుంటూరు రైలు కోసం చూస్తారు. తెలియనివారు రద్దయిన రైలు పేరే పట్టుకుని విచారణ కిటికీ ముందు నిలబడతారు.

2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఒక కొత్త లైనుకు ఆమోదం తెలిపింది. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్లు, కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెనతో సహా, 2,245 కోట్ల అంచనా. మీ బొమ్మలో ఎడమ కొమ్మ నుంచి గుంటూరు వేరుకు మొదలును తాకకుండా ఒక గీత గీయండి, అదే అది. రాజధానికి రైలు అన్న మాట పైకి వినబడుతుంది కానీ, బెజవాడ మీది బరువు దింపే దారిగా దాని విలువ ఇంకా ఎక్కువని మా అభిప్రాయం.

దోహాలో కూర్చుని టికెట్టు కొనేవారికి కొన్ని మాటలు. ముందస్తు రిజర్వేషను 120 రోజులుండేది, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకు తగ్గించారు. విమానం టికెట్టు నాలుగు నెలల ముందే కొన్నా, రైలు టికెట్టుకు ఆగవలసిందే. ఆ రోజు ఉదయం 8 గంటలకు తెరుస్తారు, అంటే మన గడియారంలో 5.30. తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు, ఏసీ తరగతులకు 10 గంటలకు, మిగతావాటికి 11కు. మనకు అవి 7.30, 8.30. 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్ కొనడానికి ఆధార్ ధ్రువీకరణ జరిగిన ఖాతా ఉండాలి. ఆ ఏడాది అక్టోబరు నుంచి సాధారణ రిజర్వేషను తెరిచిన తొలి నిమిషాలు కూడా అలాంటి ఖాతాలకే కేటాయించారు, తరువాత ఆ వ్యవధిని పెంచుకుంటూ పోయారు. మనలో చాలామందికి ఆధార్‌కు జత చేసిన ఫోను నంబరు ఏనాడో మూగబోయింది. సెలవుకు వెళ్ళినప్పుడు అది సరిచేయించుకోవడం ముఖ్యం. అంతదాకా ఊళ్ళో ఉన్న తమ్ముడి ఖాతాయో బావగారి ఖాతాయో గతి. రైలులో గుర్తింపుకు మాత్రం పాస్‌పోర్టు చాలు.

సూటి రైలు దొరకకపోతే విజయవాడ దాకా ఒక టికెట్టు, అక్కడి నుంచి ఇంకొకటి తీసుకోవచ్చు. కొమ్మా వేరూ కలిసే చోటు కనుక అన్ని వైపులకూ ఏదో ఒక బండి దొరుకుతుంది. అయితే రెండు రైళ్ళ మధ్య రెండు గంటలైనా ఎడం పెట్టుకోండి. ముషైరిబ్‌లో ఒక రైలు తప్పితే నిమిషాల్లో ఇంకొకటి వస్తుంది. అక్కడ మచిలీపట్నం బండి తప్పితే మళ్ళీ ఎప్పుడన్నది ముందే చూసుకుని ఉండాలి.

రైలు ఎక్కాక పిల్లల చేతికి ఫోను ఇవ్వకుండా కిటికీ ఇవ్వండి. ముషైరిబ్ బోర్డు మీద అరబ్బీ, ఇంగ్లీషు ఉన్నట్టే, మన స్టేషను బోర్డుల మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఉంటాయి. పసుపు బోర్డు మీద నల్లటి పెద్ద అక్షరాలు, దూరం నుంచే కనిపిస్తాయి. ఒత్తులూ గుణింతాలూ నేర్చుకుంటున్న పిల్లలకు ఇంతకంటే మంచి వాచకం లేదు. బాపట్లలో టకు లవత్తు, ఒంగోలులో సున్న, నెల్లూరులో లకు లవత్తు, కొవ్వూరులో వకు వవత్తు. బండి ఆగని చిన్న స్టేషన్లలో బోర్డు దాటిపోయేలోగా చదవగలిగితే రెండవ తరగతి పాసయినట్టే. పేరు కింద సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తో కూడా రాసి ఉంటుంది. వరంగల్ నుంచి విజయవాడ వస్తుంటే ఆ అంకె తగ్గుతూ రావడం గమనించమనండి.

కృష్ణ వంతెన కోసం మాత్రం కూర్చునే చోటు చూసుకోవాలి. తెనాలి వైపు నుంచి గానీ గుంటూరు వైపు నుంచి గానీ విజయవాడ వస్తుంటే ఎడమ చేతి కిటికీ పట్టండి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ, దాని వెనక ఇంద్రకీలాద్రి కనిపిస్తాయి. విజయవాడ నుంచి బయలుదేరి అటు వెళ్ళేటప్పుడైతే కుడి కిటికీ. సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా వచ్చి విజయవాడలో దిగిపోయేవారికి ఈ వంతెన రాదు, ఎందుకో ఇప్పుడు మీ పిల్లలే చెబుతారు. వారు దిగాక గుంటూరు పాసింజరు ఎక్కి కృష్ణా కెనాల్ దాకా ఒక్క స్టేషను వెళ్ళిరావచ్చు.